ట్రిస్టన్ డ కున్హా: 148 మంది వెళ్తామన్నారు, ఐదుగురు వద్దన్నారు

తొలకరి (చర్చ ప్రారంభం)

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్యన, సెయింట్ హెలీనా దీవికి 2,400 కిలోమీటర్లకు పైగా, కేప్ టౌన్‌కు సుమారు 2,800 కిలోమీటర్ల దూరంలో ట్రిస్టన్ డ కున్హా అనే అగ్నిపర్వత దీవి ఉంది. దాని మీద ఊరు ఒక్కటే. నేటికీ అక్కడికి విమానం వెళ్లదు, ఓడ మీద వారం రోజుల ప్రయాణం చేయవలసిందే. 1961 అక్టోబరులో ఆ ఊరి పక్కనే నేల చీలి లావా పొంగినప్పుడు, ఉన్న 264 మంది దీవివాసులనూ ఇంగ్లండుకు తరలించారు. తిరిగి వెళ్లాలా, ఇంగ్లండులోనే ఉండిపోవాలా అని 1962 డిసెంబరులో వారు ఓటు వేసుకున్నప్పుడు 148 మంది వెళ్తామన్నారు, ఐదుగురు మాత్రమే వద్దన్నారు.

ఆ రోజుల్లో చాలామందికి ఈ ఫలితం వింతగా తోచింది. విద్యుత్తు, ఆసుపత్రి, బడి, వారంవారం చేతికందే జీతం ఉన్న చోటిని కాదని, లావా ఇంకా పూర్తిగా చల్లారని కొండ కిందికి వెళ్తామనడం ఏమిటని ఆశ్చర్యపోయారు. పుట్టిన నేల మీది మమకారం అని కొందరు సరిపెట్టుకున్నారు. మమకారం ఉండే ఉంటుంది. అయితే మమకారం ఒక్కటే కారణమైతే ఓట్లు ఇంత ఏకపక్షంగా పడేవి కావని నేను అనుకుంటున్నాను. ఆ ఓటు వేళ్లు 1817 నవంబరు 7న ముగ్గురు మనుషులు సంతకాలు చేసిన ఒక కాగితంలో ఉన్నాయన్నది నా వాదన.

నెపోలియన్ సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న కాలమది. ఆయనను విడిపించాలనుకునేవారు ఈ దీవిని స్థావరం చేసుకోకూడదన్న ఆలోచనతో 1816 ఆగస్టులో బ్రిటిష్ దండు ఇక్కడ దిగింది, మరుసటి ఏడాదే వెనక్కి వెళ్లిపోయింది. స్కాట్లండులోని కెల్సో పట్టణానికి చెందిన ఫిరంగిదళ కార్పొరల్ విలియం గ్లాస్ మాత్రం భార్య మరియాతోను, ఇద్దరు పిల్లలతోను అక్కడే ఉండిపోవడానికి అనుమతి పొందాడు. ఆయనతో పాటు సామ్యూల్ బర్నెల్, జాన్ నాన్కివెల్ అనే ఇద్దరు తాపీపనివారు కూడా నిలిచిపోయారు. పశువులు, సరుకులు ముగ్గురివీ సమానమని, వచ్చిన లాభాన్ని సమానంగా పంచుకోవాలని, ఖర్చును సమానంగా భరించాలని, తమలో ఎవరూ ఎవరి మీదా ఆధిక్యం చూపరాదని, జబ్బు చేస్తే తప్ప ప్రతివారూ తమ వంతు పని చేయాలని వారు రాసుకున్నారు. ఆ కాగితం పుట్టిన తర్వాత దాదాపు నూట నలభై అయిదేళ్లకు వారి వారసులు ఇంగ్లండులో ఒక యజమాని కింద, ఒక అధికారి పర్యవేక్షణలో బతకవలసి వచ్చింది. వారు నిరాకరించింది అలాంటి బతుకునేనని నాకు అనిపిస్తుంది. దీని మీద సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

దీపస్తంభం

తొలకరి గారూ, మీ టపా ఆసక్తిగా చదివాను. వాస్తవాల విషయంలో నాకు అభ్యంతరం లేదు. వాటిని కలిపిన తీరు మీద ఉంది.

మొదటిది, ఆ ఒప్పందం రాసుకున్నది రాసుకున్నట్లుగా ఎంతకాలం నడిచిందో చూడాలి. సంతకం చేసిన ముగ్గురిలో గ్లాస్ ఒక్కడే కడదాకా దీవిలో ఉన్నాడు. 1824లో అగస్టస్ ఎర్ల్ అనే చిత్రకారుడు ఓడ తనను వదిలి వెళ్లిపోవడంతో అనుకోకుండా అక్కడ ఎనిమిది నెలలు చిక్కుకుపోయాడు. పిల్లలకు చదువు చెబుతూ, బొమ్మలు గీస్తూ కాలం గడిపాడు. ఆయన గీసిన ఒక నీటిరంగుల చిత్రానికి పెట్టిన పేరులో గ్లాస్‌ను ‘గవర్నర్’ అనే పేర్కొన్నాడు. ఎవరూ పెద్దరికం చేయరాదని రాసుకున్న ఏడేళ్లకే ఊరికి ఒక గవర్నర్ ఉన్నాడన్నమాట. అది గౌరవంతో పిలిచిన పిలుపే కావచ్చు, ఆయనే పెళ్లిళ్లు, నామకరణాలు జరిపించేవాడు గనుక సహజమైనదే కావచ్చు. కానీ కాగితం మీది సమానత్వానికీ ఊళ్లోని జీవితానికీ మధ్య ఎడం అప్పుడే ఉంది.

రెండవది, కొనసాగింపు. గ్లాస్ 1853లో మరణించాడు. ఆ తర్వాత మూడేళ్లకు ఆయన కుటుంబంలో చాలామంది అమెరికాలోని న్యూ లండన్ రేవుకు వలసపోయారు. తిమింగలాల వేట ఓడల మీద కుమారులకు అక్కడివారితో పరిచయం ఉండేది. 1857లో మతబోధకుడు విలియం టేలర్ వెంట మరికొన్ని కుటుంబాలు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్లిపోయాయి. ఊళ్లో మిగిలింది 28 మంది. అంటే ఆ సమాజం ఒకసారి దాదాపుగా ఖాళీ అయి మళ్లీ మొలకెత్తింది. అలాంటి చోట ఒక పాత కాగితం వారసత్వంగా సాగి వచ్చిందనడానికి నేను వెనకాడతాను.

నా దృష్టిలో అక్కడ సమానత్వాన్ని నిలబెట్టింది లేమి. పడవను ఒడ్డు నుంచి నీటిలోకి దించడానికి ఒక్కడి బలం చాలదు. ఇంటి కప్పు గాలికి లేచిపోతే పక్కింటివాడు రాకుండా నేసుకోలేరు. ఏ సిద్ధాంతమూ లేకపోయినా అలాంటి ఊళ్లో మనుషులు ఒకరికొకరు లోబడి ఉండవలసిందే.

తిరుగలి

ఇద్దరూ ఆ కాగితం గురించే మాట్లాడుతున్నారు. దాని మీద సంతకం లేనివారి గురించి నేను రాయదలచాను.

మరియా గ్లాస్ కేప్‌లో పుట్టి పెరిగిన స్త్రీ. ఒప్పందం నాటికి ఆమె వయసు చిన్నది, ఒడిలో పిల్లలు. ‘ప్రతివారూ తమ వంతు పని’ అని రాసుకున్నప్పుడు ఆమె పని ఎవరి వంతులో పడిందో కాగితం చెప్పదు. ఆమె ఆ దీవి మీదనే మరిన్ని కాన్పులు మోసి మొత్తం పదహారుగురు బిడ్డలను కన్నది. వైద్యుడు లేడు, ఓడ వస్తే రావచ్చు, లేకుంటే లేదు. ఆ ఊరి పునాది ఒప్పందంలో ఉందనడం కన్నా ఆ కాన్పులలో ఉందనడం నాకు సబబుగా కనిపిస్తుంది.

తర్వాత 1827 సంగతి. అప్పటికి దీవిలో అయిదుగురు బ్రహ్మచారులు ఉన్నారు. తమకు భార్యలుగా రావడానికి ఇష్టపడే స్త్రీలను తీసుకురమ్మని వారు సైమన్ ఆమ్ అనే ఓడ కెప్టెన్‌ను కోరారు. ఆయన సెయింట్ హెలీనా నుంచి అయిదుగురు స్త్రీలను తీసుకువచ్చాడు. వారిలో కొందరి వెంట పిల్లలు కూడా ఉన్నారు. తీరం మీద మొదట అడుగుపెట్టిన స్త్రీనే పెళ్లాడతానని థామస్ స్వెయిన్ అనే నావికుడు పంతం పట్టాడని, అలాగే చేశాడని ఊళ్లో ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కథను వేడుకగా చెప్పేవారు పడవలో కూర్చున్న ఆ అయిదుగురి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించాలి. ముఖమైనా చూడని మగవాళ్లు ఒడ్డున వరుసగా నిలబడి ఉన్నారు. వెనుదిరిగి పోదామంటే మరో ఓడ ఎప్పుడు వస్తుందో తెలియదు. సెయింట్ హెలీనాలో అప్పటికింకా బానిసత్వం రద్దు కాలేదు. శ్వేతజాతి తండ్రుల, ఆఫ్రికా ఆసియా మూలాల తల్లుల సంతానమైన స్త్రీలకు అక్కడ ఎలాంటి భవిష్యత్తు ఉండేదో ఊహించవచ్చు. బహుశా వారు చేసింది తెలిసి తెలిసి చేసుకున్న ఎంపికే.

ఈనాడు ఆ ఊరి చరిత్ర చెప్పాలంటే అందరూ ఏడు ఇంటిపేర్లు చెబుతారు: గ్లాస్, స్వెయిన్, గ్రీన్, రోజర్స్, హేగన్, రెపెట్టో, లవరెల్లో. ఏడూ మగవారు తెచ్చినవే. ఆ ఇళ్లలో పిల్లల రంగులోను, రూపులోను, మాటతీరులోను సగం ఎవరిదో ఆ పేర్లలో ఎక్కడా కనిపించదు.

పటాలపెట్టె

తిరుగలి గారి టపాకు నా నమస్కారం. ఇంటిపేర్ల ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. ఆ ఏడింటిలో మూడు ఓడ ప్రమాదాల వల్ల వచ్చినవి. హాలండులోని కాట్విక్‌కు చెందిన పీటర్ గ్రూన్ 1836లో ఓడ పగిలి ఒడ్డుకు చేరాడు. ఆయన పేరే తర్వాత గ్రీన్ అయింది. ఇటలీలోని కామోగ్లి రేవుకు చెందిన ఆండ్రియా రెపెట్టో, గయెటానో లవరెల్లో 1892లో అలాగే చేరారు. తోటి నావికులు దొరికిన ఓడ ఎక్కి వెళ్లిపోతే వీరు ఉండిపోయారు. రోజర్స్, హేగన్ అమెరికా తిమింగలాల వేట ఓడల నుంచి దిగినవారు.

దీపస్తంభం గారు చెప్పిన లేమి ఎలా వచ్చిందో కొంత వివరిస్తాను. గ్లాస్ కాలంలో ఆ ఊరు పేదది కాదు. గాలివాటున కేప్ వైపు సాగే తెరచాప ఓడలకు అది దారిలో తగిలే మజిలీ. తాగునీరు, బంగాళదుంపలు, గొర్రెలు, కోళ్లు ఇచ్చి పిండి, బట్ట, కలప పుచ్చుకునేవారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడం, ఆవిరి ఓడలు పెరగడం, తిమింగలాల వేట తగ్గిపోవడం, ఈ మూడూ కలిసి ఆ దారిని ఎండగట్టాయి. ఆ తర్వాత ఓడ కనిపించడమే అరుదైంది. కనిపించిన ఏ ఓడనూ జారవిడుచుకోలేని స్థితి వచ్చింది.

1885 నవంబరు 28 నాటి విషాదాన్ని ఈ వెలుగులో చూడాలి. వెస్ట్ రైడింగ్ అనే ఓడ దూరాన కనబడగానే సరుకు మార్పిడి కోసం పదిహేనుగురు మగవారు ఒకే పడవలో బయలుదేరారు. వారిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఊళ్లో దాదాపు ప్రతి ఇల్లూ ఒక మనిషిని పోగొట్టుకుంది. పడవ నడపగల వయసున్న మగవారు వేళ్ల మీద లెక్కించేంతమందే మిగిలారు. ఆ తర్వాత ఆ ఊరిని ఖాళీ చేయించాలన్న ప్రతిపాదనలు ఒకటికి రెండుసార్లు వచ్చాయి, కొందరు వెళ్లారు కూడా. ఎక్కువమంది కదలలేదు. ఆ ఇళ్లను నిలబెట్టినవారు ఆ వితంతువులే. 1962 ఓటు గురించి మాట్లాడేటప్పుడు, అంతకు ముందు కూడా ఇదే ప్రశ్న వారి ముందుకు వచ్చిందని, వారు ఇదే జవాబు చెప్పారని మరువకూడదు.

పడవల సంగతి కూడా చెప్పాలి. కలప దొరకని దీవిలో వారు సన్నని చెక్క చట్రానికి కాన్వాసు గుడ్డ బిగించి, దానికి రంగు పూసి పొడవాటి పడవలు కట్టడం నేర్చుకున్నారు. తేలికగా ఉంటాయి గనుక కొందరు కలిసి మోసి ఒడ్డుకు చేర్చగలరు. ఒక్కో పడవలో పలు కుటుంబాలకు వాటా ఉంటుంది. వాటితో దగ్గరలోని నైటింగేల్ దీవికి వెళ్లి పక్షుల గుడ్లు, కొవ్వు, ఎరువు తెచ్చుకుని పంచుకునేవారు. తొలకరి గారు కాగితంలో వెతుకుతున్న ఒప్పందం నాకు ఆ పడవ వాటాలలో కనిపిస్తుంది.

మూలిక

వైద్యవృత్తిలో ఉన్నదానిని గనుక ఒక కోణం చేరుస్తాను. ఈ ఊరి జనాభాలో నేటి వారందరూ సుమారు పదిహేనుగురు తొలి పూర్వీకుల నుంచి, అంటే ఎనిమిది మంది పురుషులు, ఏడుగురు స్త్రీల నుంచి వచ్చినవారు. ఇంత చిన్న మూలం నుంచి పెరిగిన సమాజంలో పూర్వీకులలో ఒకరిద్దరికి ఉన్న జబ్బు తరాలు గడిచేకొద్దీ ఊరంతటా పరుచుకుంటుంది. ట్రిస్టన్‌లో ఆస్తమా అలా పరుచుకున్నది. దాదాపు సగం మందిలో ఏదో ఒక స్థాయిలో దాని లక్షణాలు కనిపించాయి. 1990ల్లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన నోయె జమెల్ బృందం అక్కడికి వెళ్లి రక్త నమూనాలు సేకరించి ఆస్తమాకు జన్యుసంబంధం వెతికింది. వంశవృక్షం ఇంత స్పష్టంగా తెలిసిన జనసమూహం పరిశోధకులకు అరుదుగా దొరుకుతుంది.

ఇంగ్లండులో వారు గడిపిన కాలాన్ని అర్థం చేసుకోవడానికి కూడా ఇది అవసరం. దూరదీవిలో పెరిగినవారికి జనసమ్మర్దంలో తిరిగే జలుబులకు, జ్వరాలకు శరీరంలో రక్షణ తక్కువ. మొదట సర్రే ప్రాంతంలోని పెండెల్ శిబిరంలోను, 1962 జనవరి నుంచి సౌతాంప్టన్ దగ్గరి కాల్షాట్‌లోను ఉన్న ఆ మొదటి చలికాలంలో చాలామంది ఊపిరితిత్తుల జబ్బులతో బాధపడ్డారు, వృద్ధులు కొందరు మరణించారు. అదే సమయంలో వైద్యులు, భాషాశాస్త్రజ్ఞులు, పత్రికలవారు వచ్చి వారిని పరీక్షించి, వారి మాటలను రికార్డు చేసుకుని వెళ్లేవారు. ఒక మనిషిని నిత్యం పరిశీలనా వస్తువుగా ఉంచితే అతడికి ఏమనిపిస్తుందో నేను ఆసుపత్రి వార్డులలో చూస్తూనే ఉన్నాను. ఓటు ఎటు పడిందో దీనితో కూడా కలిపి చూడాలని నా మనవి.

తొలకరి

అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి వాదనను కొంత సవరించుకోవలసి ఉంది.

దీపస్తంభం గారు చెప్పినట్లు 1857 నాటి తెంపును నేను తక్కువగా అంచనా వేశాను. కాగితం తరం నుంచి తరానికి చేతులు మారి వచ్చిందన్నట్లు రాయడం తొందరపాటు. పటాలపెట్టె గారు చెప్పిన పడవ వాటాలను చూసిన తర్వాత ఇలా చెప్పడం సరైనదనిపిస్తోంది: సమానత్వాన్ని ముందు రాసుకున్నారు, తర్వాత దానిని లేమి కాపాడింది, ఆ అలవాటు చట్టంగా మారింది. ఊరికి పడమరన బంగాళదుంపల మడులు ఉన్నాయి; గాలికి అడ్డుగా రాతిగోడలు కట్టిన చిన్న చిన్న గళ్లు అవి. నేటికీ దీవిలో భూమి ఉమ్మడిది, బయటివారు కొనలేరు, అక్కడ స్థిరపడాలంటే దీవి మండలి అనుమతి కావాలి. కుటుంబానికి ఇన్ని పశువులకు మించి ఉండరాదన్న పరిమితి కూడా ఉంది. మేత అందరిదీ గనుక ఒకడి మంద పెరిగితే ఇంకొకడి ఆవు ఎండిపోతుంది.

అయినా ఒక చోట నేను వెనక్కి తగ్గను. లేమి ఉన్న ప్రతి ఊరిలోనూ సమానత్వం పుట్టదు. లేమి ఉన్నచోట ఒక బలవంతుడు లేచి నీటి ఊటను తనదనడం కూడా అంతే సహజం. ఈ దీవిలోనే అది జరిగింది. గ్లాస్ కన్నా ముందు, 1810లో, అమెరికాలోని సేలంకు చెందిన జొనాథన్ లాంబర్ట్ అనేవాడు ఇక్కడ దిగి, దీవులన్నీ తన సొత్తని ప్రకటించుకున్నాడు. రెండేళ్లు గడవకముందే సముద్రంలో పోయాడు. అదే నేల, అదే లేమి. ఒకడు యజమానిని అన్నాడు, ఇంకొకరు వాటాదారులమని రాసుకున్నారు. ఆ తేడాకు నేను విలువ ఇస్తాను.

తిరుగలి గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి గమనించాను: ఇప్పటి దీవి మండలికి ఎన్నికయ్యే సభ్యులలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలన్న నియమం ఉంది. ఆలస్యంగానైనా కాగితంలోకి వారి పేరు వచ్చింది.

దీపస్తంభం

లాంబర్ట్ ఉదాహరణ బలమైనది, ఒప్పుకుంటున్నాను. ఇంకొక సంగతి మాత్రం చెప్పాలి. లేకపోతే వారు లోకమే తెలియని మనుషులన్న అభిప్రాయం చదివేవారిలో కలుగుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిందన్న వార్త వారికి 1919లో ఒక నౌక వస్తే గాని తెలియలేదన్నది నిజమే. రెండవ యుద్ధం నాటికి పరిస్థితి మారింది. 1942లో నౌకాదళం అక్కడ వాతావరణ, రేడియో కేంద్రం పెట్టింది. దానితో కూలి, డబ్బు, దుకాణం వచ్చాయి. అంతకు ముందు అక్కడ కొలమానం బంగాళదుంపే. 1946లో దీవికి సొంత తపాలా బిళ్లలు కావాలని అడుగుతూ, 1937–38 నార్వే శాస్త్రయాత్రలో సర్వేయరుగా వచ్చిన అలన్ క్రాఫర్డ్ ఒక నమూనా బిళ్ల తయారుచేశాడు. దాని మీద వెల రెండు రకాలుగా ఉంది: ఒక పెన్నీ, లేదా నాలుగు బంగాళదుంపలు. అసలైన బిళ్లలు 1952లో వచ్చాయి. 1949 నుంచి రాతిరొయ్యల పరిశ్రమ నడిచింది. కాబట్టి 1961లో ఇంగ్లండులో దిగినవారికి జీతమంటే ఏమిటో, దుకాణమంటే ఏమిటో తెలుసు. తెలిసే ఓటు వేశారు.

ఆ ఓటుతో కథ ముగియలేదు కూడా. పద్నాలుగు మంది ఇంగ్లండులోనే ఉండిపోయారు. తిరిగి వెళ్లినవారిలోనూ కొన్ని కుటుంబాలు 1966లో మళ్లీ ఇంగ్లండుకు వచ్చేశాయి. వాటిని వదిలేసి 148 అన్న అంకెనే పట్టుకుంటే ఆ ఊరికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఉండాలనుకున్నవారు, పోవాలనుకున్నవారు ఒకే ఇంటివారు. నాకు ఆ ఓటులో కనిపించే అసలు విషయం వేరే. వలసరాజ్యాల పాలన చూసే బ్రిటిష్ శాఖకు వారిని తిరిగి పంపాలన్న ఉత్సాహం లేదు. ఆ దీవిని నిలపడం ఖర్చుతో కూడిన పని, ఇంగ్లండులో కలిసిపోతే బాగుండునన్నది అధికారుల ఆలోచన. ప్రశ్నను తామే అడిగించుకుని, తామే జవాబు చెప్పుకున్నవారు దీవివాసులు.

తిరుగలి

దీపస్తంభం గారి చివరి పేరా నాకు నచ్చింది. ఒక చిన్న సందేహం. అందరూ వెళ్లకముందే కొందరు మగవారు వెళ్లారని చదివాను. వారు ఏం చేశారు? ఇళ్లు మిగిలాయా?

పటాలపెట్టె

1962 సెప్టెంబరులో పన్నెండుగురు దీవివాసులు ముందుగా వెళ్లారు, అంటే ఓటుకు మూడు నెలల ముందే. లావా రొయ్యల కర్మాగారాన్ని, పడవలు దిగే రేవులను మింగేసి ఊరి అంచున ఆగిపోయింది. ఇళ్లు దాదాపు అన్నీ మిగిలాయి. వదిలివెళ్లిన కుక్కలు అడవి పట్టి గొర్రెలను చంపేశాయి. వెళ్లిన పన్నెండుగురు కప్పులు సరిచేశారు, పడవలను బాగుచేశారు, దుంపల మడులు తవ్వారు.

దక్షిణార్ధగోళంలో సెప్టెంబరు అంటే దుంపలు నాటే కాలం. కోతలు జనవరి, ఫిబ్రవరిలో. రెండవ జట్టు దిగింది 1963 ఏప్రిల్‌లో. మిగిలినవారంతా బోర్న్‌హోమ్ ఓడ మీద నవంబరు 10న చేరారు. వారు వచ్చేసరికి ఒక పంట ఇంటికి వచ్చి, రెండవ పంట మడిలో ఉంది.